రెండో నంబరు దవడ

బస్ డిపో వెనక వీధి, మూడో అంతస్తు
వానలు మొదలైన వారం

ఒకటో నంబరుకి,

ఫోన్లో గంటల తరబడి వాగే మనిషి కాగితం మీద రాయడమేమిటని నీ కళ్లు తిరుగుతూ ఉంటాయి. నా నోరు కట్టేశారే. నిజంగానే కట్టేశారు. పై పళ్లనీ కింది పళ్లనీ కలిపి సన్నటి తీగలు బిగించారు.

కంగారుపడకుండా చదువు. పోయిన వారం నా బస్సుకి అడ్డంగా సరుకుల లారీ ఒకటి వచ్చింది. బ్రేకు తొక్కాను. బస్సు ఆగింది, నేను ఆగలేదు. దవడ పోయి స్టీరింగుకి కొట్టుకుంది. ప్రయాణికుల్లో ఒక్కరికీ గీత కూడా పడలేదు. ఒకావిడ మాత్రం బుట్టలో గుడ్లన్నీ పగిలాయని నన్ను చెడామడా తిట్టిందట. నేనప్పుడు తిరిగి తిట్టే స్థితిలో లేను, అదృష్టవంతురాలు.

దవడ ఎముకలో చిన్న పగుళ్లు. రెండు పళ్లు పోయాయి. అంతే. కొన్నాళ్లు ఏదైనా గొట్టంతో పీల్చుకోవడమే.

మెసేజీలు పెట్టొచ్చుగా అంటావు. నేను నాలుగు ముక్కలు కొట్టేలోపు నువ్వు పది ప్రశ్నలు వేస్తావు. ఉత్తరమైతే నన్ను మధ్యలో ఆపలేవు. వీడియో కాల్ అసలే వద్దు, ముఖం వాచి గుమ్మడికాయలా ఉంది. అమ్మకి చెప్పకు. నువ్వు సెలవు పెట్టి పరిగెత్తుకు రాకు. వచ్చి చేసేదేమీ లేదు. మీ మరిది ఉన్నాడు, సేవలు బాగానే చేస్తున్నాడు. వండినవన్నీ మిక్సీలో వేసి ఒకే రంగులోకి తెస్తున్నాడు.

నీ
రెండో నంబరు


ఆస్పత్రి కింది అంతస్తు, నమూనాల గది

ఒసేయ్ రెండో నంబరూ,

దవడలో చిన్న పగుళ్లని ఎవరికి చెబుతున్నావే? నేను పొద్దున్నుంచీ సాయంత్రం దాకా చేసే పనేమిటో మరిచిపోయావా? ఇప్పుడు నా బల్ల మీద ఎవరిదో తుంటి ఎముక ఉంది. నిన్న ఒక పసివాడి గుండె, నిమ్మకాయంత. రోగిని స్కాన్ చేసి, రొట్టెని పలచగా కోసినట్టు వందల బొమ్మలు పంపుతారు. ఒక్కో బొమ్మలో ఎముక ఏదో, కండ ఏదో రంగు వేసి విడదీస్తాను. అవన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఆకారం వస్తుంది. దాన్ని ప్రింటరులో పోత పోయిస్తే డాక్టరు కత్తి పట్టుకునే ముందు చేత్తో పట్టుకుని చూసుకుంటాడు. ఎంతమంది దవడలు చేశానో లెక్కలేదు. నీది కూడా పంపు. ఆ స్కాన్ డిస్కు ఒకటి పోస్టులో పడెయ్యి. చిన్న పగుళ్లో పెద్ద పగుళ్లో నేను చూసుకుంటాను.

అమ్మ రోజూ అడుగుతోంది, “చిన్నది ఫోన్ చెయ్యలేదేమే?” అని. నిన్న ఒక పని చేశాను, తిట్టకు. ఆఫీసు నుంచి ఇంటికి ఫోన్ చేసి, “అమ్మా, నేను, రెండో నంబర్ని” అన్నాను. పుట్టినప్పుడు నర్సు మన మణికట్లకి కట్టిన చీటీల మీది నంబర్లతో నాన్న మనల్ని పిలిచీ పిలిచీ చివరికి అవే పేర్లయ్యాయి కదా. మన గొంతులా, ఒకటే. అమ్మ కళ్లకి ఫోన్లో ఎవరి నంబరో కనపడదు. నీలాగే “అదే మరి” అని మాటమాటకీ అన్నాను. డ్యూటీ ఎక్కువైందని చెప్పాను. మురిసిపోయింది.

ఫోన్ పెట్టేశాక ఆ గొంతు ఇంకాస్త వినాలనిపించింది. నా గొంతేగా, పిచ్చి కాకపోతే.

వచ్చే వారం సెలవు దొరికేలా ఉంది. రానా?

అక్క


బస్ డిపో వెనక వీధి

అక్కా,

రావద్దన్నానా? మళ్లీ అడగకు.

తీగలు ఇంకా విప్పలేదు. డాక్టరు ఇంకొన్నాళ్లు ఆగమన్నాడు. వాళ్లకి ఆగమనడం తేలిక. డిస్కు ఎక్కడో పెట్టాను, కనపడటం లేదు. కనపడితే చూద్దాం. నువ్వు చేసే ఎముకలు చాలవా, ఇంట్లో వాళ్లవి కూడా కావాలా?

కిటికీలోంచి డిపో కనపడుతుంది. నా బస్సు ఇప్పుడు ఇంకొకతను నడుపుతున్నాడు. మలుపులో గేరు మార్చేటప్పుడు కీచుమంటుంది. ఒక్కో కీచుకీ నా ప్రాణం లేచిపోతోంది. నోరుంటే ఇక్కణ్ణుంచే కేకేసేదాన్ని.

మీ మరిది స్నానాలగదిలో అద్దం తీసేసి ఆ మేకుకి క్యాలెండరు తగిలించాడు. గోడకి చెమ్మ పట్టిందట. సరేనన్నాను.

రెండు


నమూనాల గది
వానలు వెనకపట్టిన రోజులు

చెల్లీ,

అద్దం తీసేసి క్యాలెండరు పెట్టాడా. చెమ్మ పట్టిన గోడకి కాగితం తగిలిస్తారా ఎవరైనా?

నీ ఉత్తరాలు రానురాను చిన్నవైపోతున్నాయి. తీగలు విప్పాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయింది. నాకు తెలియదనుకోకు. మామూలు పగుళ్లయితే ఈపాటికి నువ్వు రోడ్డు మీద ఎవరితోనో పోట్లాడుతూ ఉండాలి.

ఇక్కడ నా నాటకం కూడా బయటపడింది. మొన్న మళ్లీ నీ గొంతుతో ఫోన్ చేశాను. అమ్మ అన్నీ అడిగింది, తింటున్నావా, అల్లుడెలా ఉన్నాడు అని. నేనూ “అదే మరి, అదే మరి” అంటూ చెప్పుకుపోయాను. చివరికి అమ్మ నెమ్మదిగా, “సరేగానీ, మీ అక్కకి ఒక మాట చెప్పు. ఇలా నీ గొంతుతో ఫోన్ చెయ్యడానికి అది అంత కష్టపడక్కర్లేదని” అంది.

కంగారులో ఫోన్ పెట్టెయ్యబోయాను.

“మొదటి రోజునే తెలిసిందే” అంది. “అది మాట మధ్యలో ఊపిరి తీసుకోదు, నువ్వు తీసుకుంటావు. నువ్వు అంత తాపత్రయపడుతుంటే అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని ఊరుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. అదుందా?”

ఉందమ్మా అన్నాను. ప్రమాదం సంగతి చెప్పేశాను. అమ్మ ఏడవలేదు. సాయంత్రం నేను ఇంటికెళ్లేసరికి నీ పాత స్వెట్టరు వెతికి తెచ్చి ఒళ్లో పెట్టుకు కూర్చుని ఉంది. 

నన్ను రావద్దంటే రాను. అబద్ధం మాత్రం చెప్పకు. డిస్కు పంపు.

అక్క


బస్ డిపో వెనక వీధి

అక్కా,

రాయడం చేతకావటం లేదు. డిస్కు పంపుతున్నాను. నువ్వే చూసుకో.

చూశాక జాలిపడుతూ ఉత్తరం రాయకు.


నమూనాల గది

రెండో నంబరూ,

జాలిపడటం లేదు. చూసినదేదో చూసినట్టు రాస్తాను.

మా దగ్గరికి వచ్చే స్కాన్ల మీద రోగుల పేర్లు చెరిపేసి ఉంటాయి. ఎవరిదో తెలియదు కాబట్టే ఇన్నాళ్లూ ఈ పని చేయగలిగానని నీ డిస్కు తెరిచాక తెలిసింది. తలపైనుంచి మొదలుపెట్టాను. నుదురు, కంటి గూళ్లు, ముక్కు, పై పళ్లు. అంతవరకూ నన్ను నేను చూసుకుంటున్నట్టే ఉంది. ఇంకాస్త కిందికి వచ్చాను. ఎముక తెల్లగా కనపడాల్సిన చోట ఏమీ లేదు. ఒక లోహపు పట్టీ, దాని చుట్టూ వెలుగు చిమ్మినట్టు గీతలు. చెవుల దగ్గర చెరో ముక్క మిగిలింది. మధ్యలో గడ్డం లేదు.

చీము పట్టిందన్నమాట. ఎముక తీసేశారన్నమాట. ఇదంతా జరుగుతున్నప్పుడు నువ్వు నాకు గుడ్లబుట్ట కబుర్లు రాస్తున్నావన్నమాట.

లోహం ఉంటే కంప్యూటరు తికమకపడి ఆ గీతల్ని కూడా ఎముకే అనుకుంటుంది. ఒక్కో బొమ్మలో వాటిని చేత్తో చెరుపుకుంటూ రావాలి. చెరుపుతూ కూర్చున్నాను. మా పెద్దావిడ, అంటే మా గదికి పైఅధికారి, వెనక నిలబడి చూసింది.

“ఎవరిదమ్మా ఇది?”

“మా చెల్లెలిదండీ.”

“అయితే నువ్వు చెయ్యకు. చెయ్యి వణుకుతుంది.”

“చెయ్యకపోతే ఇంకా వణుకుతుందండీ.”

ఆవిడ, “సరే, చెయ్యి. కానీ నువ్వు గీసిన ప్రతి గీతా నేను చూశాకే ముందుకు కదులుతుంది” అంది. ఆ సాయంత్రమే మీ సర్జన్‌తో మాట్లాడింది. కాలి పిక్కలో ఉండే సన్న ఎముక తీసి, ముక్కలు కోసి, వంచి దవడలా కడతారట. ఆయన నీకు చెప్పే ఉంటాడు. ఎంత వంచాలి, ఎక్కడ కొయ్యాలి అన్నదే చిక్కు. ఒక పక్క పోతే రెండో పక్కని తిప్పి కొలత తీసుకుంటాం. నీకు రెండు పక్కలా పోయింది. దెబ్బ తగలకముందు తీసిన పాత స్కానేదైనా ఉందా అని చూస్తాం. నీకు లేదు.

కానీ నేనున్నాను. రేపు మధ్యాహ్నం స్కాన్ మెషిన్లో పడుకుంటున్నాను. నా దవడని కొలతగా పెట్టి నీది కడదాం. ఈ మాట విని మీ సర్జన్ ఎగిరి గంతేశాడట.

అక్క


బస్ డిపో వెనక వీధి

అక్కా,

వద్దు.

సర్జన్ గంతులేస్తే వెయ్యనీ. నాకొద్దు.

నీ దగ్గర దాచింది దవడ ఒక్కటే కాదు. నువ్వూ అమ్మా ఆ ఊరు వెళ్లిన కొత్తలో నిన్ను చూడాలనిపిస్తే అద్దం ముందు నిలబడేదాన్ని. జుట్టు నీలాగా పక్కకి దువ్వుకునేదాన్ని. మీ మరిది నవ్వేవాడు, “మీ అక్క వచ్చిందా? కూర్చోమను, కాఫీ పెడతాను” అని. నీకెప్పుడూ చెప్పలేదు, నువ్వు ఎక్కిరిస్తావని. ఇప్పుడు ఏ గాజుపలకలో చూసినా నువ్వు లేవు. నేనూ లేను. నాకు ముఖం పోయిందని అందరూ అనుకుంటున్నారు. నాకు మనిద్దరం పోయాం.

నువ్వు వస్తానన్నప్పుడల్లా ఒళ్లు మండేది అందుకే. నువ్వు గుమ్మంలో నిలబడితే, నేను పోగొట్టుకున్నది చెప్పులు వేసుకుని నడిచొచ్చినట్టు ఉంటుంది. నువ్వు నన్ను చూడగానే నీ చెయ్యి నీ గడ్డం మీదికి పోతుంది. అది నేను చూడలేను. నిన్ను చూడాలని ఎంతుందో అంత భయంగానూ ఉంది.

పోనీ నీ దవడే పెట్టారనుకో. రేపట్నుంచీ నీ ముఖం నేను మొయ్యాలి. సరిగ్గా అతకకపోతే? వంకరపోతే? నీ ముఖాన్ని పాడుచేసినదాన్నవుతాను. అరువు తెచ్చుకున్న చీర కట్టుకుని బురదలో నడిచినట్టు బతకాలి. ఏదో ఒక దవడ పెట్టమను, ఎవరిదైనా సరే. అన్నం నమలగలిగితే చాలు.

కోపం తెచ్చుకోకు. కాలు నొప్పిగా లేదు గానీ, దాన్ని కోస్తారని తెలిసినప్పట్నుంచీ అదే పనిగా దాన్నే చూస్తున్నాను.

రెండు


నమూనాల గది
చలి మొదలైంది

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను మెషిన్లోంచి లేచి కూడా చాలా రోజులైంది. చదివాక రెండు రోజులు ఆ ఫైలు ముట్టుకోలేదు. కోపంతో కాదు. మా ఇంటి అద్దంలో నాకు రోజూ నువ్వు కనపడుతున్నావు. నీకు కనపడనిది నాకు కనపడుతుంటే పళ్లు తోముకోవడానికి కూడా సిగ్గేస్తోంది.

తర్వాత ఏం జరిగిందో విను. నవ్వుతావు.

నా దవడ తెచ్చి నీ చెవుల దగ్గర మిగిలిన ఎముకలకి ఆనించాను. కలవలేదు. ఎడమవైపు కలిపితే కుడివైపు సందు వచ్చింది. కుడివైపు కలిపితే పళ్లు పక్కకి జరిగాయి. నేను తప్పు చేశాననుకున్నాను. మళ్లీ చేశాను. మా పెద్దావిడ చేసింది. అదే సందు. “కవలలన్నావుగా?” అంది. కవలలమేనండీ, చిన్నప్పుడు మా నాన్న ఒకరికి రెండుసార్లు అన్నం పెట్టి రెండోవాళ్లని పస్తుంచాడండీ అన్నాను.

నీ పై పళ్లు చూస్తే తెలిసింది. ఎడమవైపువి బాగా అరిగాయి. నువ్వు ఎప్పుడూ ఆ పక్కనే నములుతావు. ఏళ్ల తరబడి ఆ బరువుకి నీ దవడ నీ దారిన పెరిగింది. బయటికి ఒక్కలాగే కనపడ్డాం గానీ, లోపల ఎవరి ఎముక వాళ్లదే. నా ముఖం నీకు పెడదామనుకున్నాను, నీ ఎముకలు ఒప్పుకోలేదు. నీకంటే మొండివి.

అందుకని నాది పక్కన పెట్టాం. సుమారుగా ఎంత వెడల్పో, ఎంత వంపో తెలుసుకోవడానికి మాత్రం వాడాం. మిగతాదంతా నీ పై పళ్లని బట్టి, నీకు మిగిలిన ముక్కల్ని బట్టి కడుతున్నాం. పై పన్ను ఎక్కడ అరిగిందో అక్కడ కింది పన్ను ఆనేలా. గడ్డం దగ్గర మాత్రం ఆగిపోయాను. దానికి పైన ఆధారమేమీ లేదు.

నమూనా ఒకటి పోత పోయించి ఇంటికి పట్టుకెళ్లాను. అమ్మకి చూపించకూడదనుకున్నాను గానీ, సంచిలోంచి తీస్తుంటే “ఏమిటది?” అంది. చేతిలో పెట్టాను. చాలాసేపు వేళ్లతో తడిమింది. “దీని గడ్డం ఇంకొంచెం ముందుకుండేది. నీకంటే. అలిగినప్పుడు అదే ముందొచ్చేది” అంది. నేను నమ్మలేదు. పక్కనుంచి తీసిన ఫోటోలన్నీ వెతికాను. డిపోలో నీకు లైసెన్సు వచ్చిన రోజున తీసినది దొరికింది, పక్కకి తిరిగి ఎవరినో కసురుతున్నావు. కొలిచి చూశాను. అమ్మ చెప్పినట్టే ఉంది, ఒక గోరంత.

ఇన్నేళ్లూ నీ ముఖం నాకు కంఠతా వచ్చనుకున్నాను. నాది చూసుకుని నీదనుకున్నానంతే. ఈ నెలరోజులుగా నిన్ను నిజంగా చూస్తున్నాను. నువ్వు ఎంత దూరాన ఉన్నావో అంత దగ్గరగా.

ఈ దవడ నాది కాదు. ఎవరిదీ కాదు. పాడైతే నాకు సమాధానం చెప్పక్కర్లేదు. చెయ్యమంటావా?

అక్క


బస్ డిపో వెనక వీధి

అక్కా,

నీ ఉత్తరం మీ మరిది చేత మూడుసార్లు చదివించుకున్నాను. “నీకంటే మొండివి” అన్నచోట మూడుసార్లూ తలూపాడు, దుర్మార్గుడు.

నిన్న సర్జన్ దగ్గరికి వెళ్లాం. మీరు పంపిన నమూనా వచ్చింది. పసుపు రంగులో ఉంది. దాంతోపాటు కాలి ఎముక ఎక్కడ కొయ్యాలో చూపించే అచ్చు కూడా ఉంది. ఆయన నా చేతికిచ్చి, “ఇదమ్మా మీరు” అన్నాడు. ఎడమవైపు పళ్లు ఆనేచోట వేలు పెట్టాను. నువ్వు రాసినట్టే ఉంది. నాలుక అక్కడికి పోబోయింది. పోవడానికి చోటు లేదుగానీ, దానికి గుర్తుంది.

చెయ్యమన్నాను. వచ్చే వారమే.

భయంగా ఉంది. లేవకపోతే అని కాదు. లేచాక ఎవరినో చూడాలని. ఇప్పుడే రాకు. వాపు తగ్గాక నేనే చెబుతాను. ఈసారి అబద్ధం కాదు.

రెండు


నమూనాల గది

రెండో నంబరూ,

నువ్వు కళ్లు తెరిచాక మీ ఆయన ఈ ఉత్తరం చదివి వినిపిస్తాడు.

లోపలికి తీసుకెళ్లారని పొద్దున మెసేజీ పెట్టాడు. నేను పనిలోనే ఉన్నాను. ఎవరి మోకాలికో రంగులేస్తున్నాను. పెద్దావిడ మధ్యాహ్నం వచ్చి చూసి, “కండకి ఎముక రంగు వేశావు, ఇంటికి పో” అంది. పోలేదు. ఇంటికెళితే అమ్మ ముఖం చూడాలి.

సాయంత్రం మళ్లీ మెసేజీ వచ్చింది, “అతికింది” అని. ఒకే మాట. మీ ఆయనకి మాటల పొదుపెక్కువ. అమ్మకి ఫోన్ చేసి నా గొంతుతోనే చెప్పాను.

నువ్వు పిలిచేదాకా రాను. కానీ పెట్టె సర్దేశాను.

అక్క


బస్ డిపో వెనక వీధి
ఎండలు ముదురుతున్నాయి

అక్కా,

నేను పిలిస్తే వచ్చిన నువ్వు తిరిగి బండెక్కి వెళ్లి వారమైంది. ఇంట్లో ఇంకా నీ కొబ్బరినూనె వాసన ఉంది. మీ మరిది అద్దం మళ్లీ తగిలించాడు. చూసుకుంటున్నాను. దవడ కింద మచ్చ ఉంది, కింది పెదవి ఒక పక్కకి బరువుగా ఉంటుంది. అలవాటు కావాలి. నువ్వు మాత్రం కనపడటం లేదు. జుట్టు పక్కకి దువ్వుకున్నా కనపడటం లేదు. ఇది ఎవరో కొత్తావిడ. మంచిదేననుకుంటాను.

మాటలు నేర్పే ఆమె రోజూ అక్షరాలు దిద్దిస్తోంది. ప, ఫ, బ, భ, మ దగ్గరికి వచ్చేసరికి పెదవులు కలవనంటాయి. నిన్న అమ్మతో ఫోన్లో మాట్లాడాను. “అంవ” అనో ఏదో వచ్చింది. “ఆఁ, ఇది నిజంగా నువ్వే” అంది అమ్మ. తర్వాత చాలాసేపు ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు.

నీకు చెప్పాలనుకుని చెప్పలేనిది ఒకటుంది. ఆస్పత్రిలో కట్లు మార్చే గది ముందు బెంచీ మీద మనిద్దరం కూర్చున్నాం గుర్తుందా? కొత్తగా చేరిన నర్సు వచ్చి నిన్ను, నన్ను చూసి, “వీరు మీకేమవుతారండీ?” అని నన్నడిగింది. నీ ముఖం పాలిపోయింది. నాకూ లోపల ఏదో తెగింది. మన జన్మలో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. వెయ్యాల్సిన అవసరం రాలేదు. బడిలో, సినిమా హాల్లో, చివరికి నాన్న పోయిన రోజున కూడా, మనల్ని చూడగానే అందరికీ తెలిసిపోయేది. నువ్వు తలవంచుకున్నావు, నేను జవాబు చెప్పలేనేమోనని. నేనెంత మొండిదాన్నో ఆ ఎముకలు చూసిన నీకు తెలియదా? “అక్క” అన్నాను. స్పష్టంగానే వచ్చింది. దానికి పెదవులతో పనిలేదు.

నువ్వప్పుడు ఏడ్చావు. నర్సు పాపం తనేదో అనకూడనిది అన్నదనుకుంది.

ఆ రోజు నాకు బాధేసింది, నిజం. ఇప్పుడు మాత్రం బస్టాపు దగ్గర, దుకాణంలో ఎవరైనా అడిగితే బాగుండుననిపిస్తోంది. నువ్వు పక్కన ఉంటేగా అడగడానికి. డిపోలో పరీక్ష పెట్టి, పై నెల నుంచి నాకు బస్సు ఇస్తామన్నారు. మొదటి రోజున డ్రైవరు వెనక సీటు నీకోసం అట్టిపెడతాను. ఎక్కినవాళ్లెవరికీ నువ్వెవరో తెలియదు. ఒక్కొక్కళ్లకీ చెప్పుకోవాలి.

చెప్పడానికైనా రా.

నీ
చెల్లెలు